నీటి నడుమ నాగార్జునకొండ

మన సీమను తడుపుచు ప్రవహించు తుంగభద్ర హంపీ బండల నడుమనుండి సాగి, సిరుగుప్ప పొలములను దాటి, మంత్రాలయము, కర్నూలు మీదుగా పోయి, అలంపురమునకు సమీపమున కృష్ణానదిలో కలియుచున్నది. అచ్చటినుండి ఆ జలములు శ్రీశైలముకడ నొకమాఱు జలాశయముగా నిలిచి, నల్లమల కొండల నడుమ దిగువకు సాగి, మఱల నాగార్జునసాగరమున నిలుచుచున్నవి. ఆ సాగరము నడుమ నొక కొండ తల మాత్రము నీటిపైకి కనబడుచుండును. అదియే నాగార్జునకొండ. మన యూళ్ల ప్రక్కగా పోయిన నీరే ఆ దీవి పాదములను కడుగుచున్నదని తెలిసినపుడు దాని కథను తెలిసికొనవలెనను కుతూహలము మనకు కలుగుట సహజము.

ఈ దీవికి మూడు వయస్సులు కలవు. దీవిగా అది మిక్కిలి చిన్నది. 1960వ దశకమున కృష్ణకు అడ్డముగా ఆనకట్ట లేచి, లోయ నీట మునిగిన తరువాతనే ఆ కొండ దీవియైనది. పుణ్యస్థలముగా దాని వయస్సు పదునేడు వందల యేండ్లకు పైబడినది. ఇక దాని పేరునకు కారణమైన గాథ పలుదేశములు తిరిగి, పలుశతాబ్దములు పెరిగి, ఇంతటిదని చెప్పరాని వయస్సు గలది. చూడబోయినవారికి ఈ మూడును కలగలిసి వినబడుచుండును. గాథను గాథగాను, చరిత్రను చరిత్రగాను తెలిసికొన్నప్పుడే రెండింటి విలువయు మనకు బోధపడును. కావున వానిని వేఱువేఱుగా పరిశీలింతము.

ఆచార్య నాగార్జునుని గాథ

బౌద్ధమతమున మాధ్యమిక దర్శనమును స్థాపించిన ఆచార్య నాగార్జునుడు శాతవాహన ప్రభువునకు మిత్రుడుగా నుండెనని, శ్రీపర్వతమున నివసించెనని బౌద్ధులు చిరకాలముగా విశ్వసించుచు వచ్చిరి. ఆయనను గూర్చిన కథలు మనదేశమునందుకంటె చైనా, టిబెట్ దేశముల గ్రంథములలో ఎక్కువగా నిలిచినవి.

5వ శతాబ్దారంభమున చైనాలో నుండిన కుమారజీవుని పేర ఆ భాషలో ప్రచారమున నున్న నాగార్జున చరిత్రలో ఇట్లున్నది. నాగార్జునుడు దొరికిన శాస్త్రములన్నిటిని చదివి, తనకు తెలియనిది లేదని గర్వించెను. అప్పుడు మహానాగుడను బోధిసత్త్వుడు ఆయనపై జాలిగొని, సముద్రగర్భమందలి తన మందిరమునకు గొనిపోయి, రత్నపేటికలను తెఱచి, అంతవఱకు మనుష్యులు చూచియెఱుగని గ్రంథములను చూపెను. తొంబది దినములు చదివినను అవి తఱుగలేదు. ఆచార్యుని గర్వము మాత్రము తఱిగెను. ఆయన కొన్ని గ్రంథములను గైకొని భూలోకమునకు మరలివచ్చెను. అర్జునవృక్షము, అనగా మద్దిచెట్టు, క్రింద జన్మించుటచేతను, నాగులవలన జ్ఞానమును పొందుటచేతను ఆయనకు నాగార్జునుడను పేరు కలిగినదట.

7వ శతాబ్దమున మనదేశమున సంచరించిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ మఱియొక కథను వ్రాసియుంచెను. శాతవాహన రాజు ఆచార్యునికొఱకు ఒక కొండను తొలిపించి అయిదంతస్తుల విహారమును కట్టింప బూనెను. నడుమ బొక్కసము వట్టిపోయెను. రాజు చింతించుట చూచి ఆచార్యుడు తన రసాయనముతో రాళ్లను తడిపి బంగారము చేసెను. ఆ రసాయనవిద్యచేతనే ఆచార్యుడును రాజును దీర్ఘాయువులై యుండిరి. రాజు మరణింపడు, రాజకుమారునకు రాజ్యము రాదు. తుదకు రాజకుమారుడు తల్లి చెప్పిన ఉపాయముచొప్పున ఆచార్యునికడకు వచ్చి, అడిగినవానికి లేదనరాదు కదా యని, శిరస్సును దానముగా నడిగెను. ఆచార్యుడు మాఱాడక ఎండిన రెల్లు ఆకుతో తన శిరస్సును తానే ఖండించుకొనెను. ఆ వార్త విని రాజును ప్రాణము విడిచెను.

14వ శతాబ్దపు టిబెట్ పండితుడు బూస్తోన్ వ్రాసిన చరిత్రలో ఈ కథ ఇంకను పెరిగినది. ఏ ఆయుధమును ఆచార్యుని కంఠమును తెగకోయజాలకపోయెనట. పూర్వజన్మమున దర్భ కోయుచుండగా తనచే ఒక పురుగు చచ్చినదని, ఆ పాపఫలము ఇంకను మిగిలియున్నదని, కావున దర్భతోనే తన కంఠము తెగునని ఆచార్యుడే చెప్పెనట. తెగిన శిరస్సును ఒక యక్షిణి దూరముగా పాఱవైచెను. శిరస్సును మొండెమును రెండు శిలలై, ఏటేట ఒండొంటికి చేరువ యగుచున్నవట. అవి కలిసిననాడు ఆచార్యుడు మఱల లేచునట!

చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. 5వ శతాబ్దమునుండి 14వ శతాబ్దమునకు వచ్చుసరికి కథ క్రమముగా పెరిగినది. ప్రతి తరమువారును తమకు పూజ్యముగా తోచినదానిని దానికి చేర్చిరి. ఈ గాథలో చరిత్ర లేదని త్రోసిపుచ్చుట తగదు. ఇందు చరిత్రయే యున్నదని నమ్ముటయు తగదు. విద్యాగర్వము కూడదని, దానమునకు హద్దు లేదని, చేసిన పాపము చిన్నదైనను వెంటవచ్చునని ఆ కాలపు జనులు తమ బిడ్డలకు చెప్పదలచిరి. ఆ బోధనకు వారు ఎన్నుకొన్న పాత్రము నాగార్జునుడు. ఇది గాథ చేయు పని.

నాగార్జునుడు కల్పితపాత్ర మాత్రము కాడు. ఆయన క్రీ.శ. 2వ శతాబ్ద ప్రాంతమువాడని పండితులలో పెక్కుమంది తలంతురు. ఆయన రచించిన మూలమాధ్యమికకారికలు నేటికిని ప్రపంచమందలి తత్త్వశాస్త్రజ్ఞులు చదువు గ్రంథము. ఒక రాజమిత్రునకు ఆయన వ్రాసిన సుహృల్లేఖ యను నీతిలేఖను మనదేశమున బాలురు తొలిదినములలోనే కంఠస్థము చేయుచుండిరని 7వ శతాబ్దాంతమున వచ్చిన ఇత్సింగ్ అను యాత్రికుడు వ్రాసెను.

శాసనములు చెప్పు చరిత్ర

గాథను విడిచి రాళ్లకడకు పోయినచో మనకు మఱియొక లోకము కనబడును. ఈ లోయ వైశాల్యము సుమారు 23 చదరపు కిలోమీటర్లు. మూడువైపుల నల్లమల కొండలు, నాలుగవవైపున కృష్ణ కోటవలె చుట్టియుండెను. శాతవాహనుల తరువాత, క్రీ.శ. 3వ శతాబ్దమునుండి 4వ శతాబ్దారంభము వఱకు, ఇచ్చట విజయపురి యను రాజధాని వర్ధిల్లెను. ఏలినవారు ఇక్ష్వాకులు. పురాణములు వీరిని శ్రీపార్వతీయులని పేర్కొన్నవి. శాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల శాంతమూలుడు, రుద్రపురుషదత్తుడు అను నలుగురు రాజుల పేరులు శాసనములవలన తెలియుచున్నవి.

మొదటి శాంతమూలుడు అశ్వమేధము, వాజపేయము చేసిన వైదికధర్మపరుడు. కాని ఆయన ఇంటి స్త్రీలు బౌద్ధమును ఆదరించిరి. ఆయన సోదరి శాంతిశ్రీ, వీరపురుషదత్తుని 6వ పాలనవర్షమున మహాచైత్యమును పునరుద్ధరించి స్తంభములు నిలిపినది. ఆమె భర్త మహాతలవరుడను అధికారి. మన యూళ్లలోని తలారి యను మాటకు ఈ తలవర శబ్దమే మూలమని భాషాశాస్త్రజ్ఞులందురు. వీరపురుషదత్తుడు తన మేనత్తల కుమార్తెలను వివాహమాడెను. నేటికిని మన యిండ్లలో జరుగు మేనరికమునకు పదునేడు వందల యేండ్లనాటి శిలాసాక్ష్యము ఈ లోయలో దొరికినది. ఆయన రాణులలో ఒకతె ఉజ్జయినినుండి వచ్చినది. ఆయన కుమార్తె కొడబలిశ్రీ వనవాసి మహారాజునకు భార్యయైనది. ఈ విషయమును తరువాత మఱల చెప్పుకొందము.

రాజు యాగములు చేయగా రాణులు విహారములు కట్టించిరి, ఒకరినొకరు అడ్డుకొనలేదు. కృష్ణ ఒడ్డున శివునికి, కార్తికేయునికి, అష్టభుజస్వామియగు విష్ణువునకు ఆలయములుండెను. లోయలోపల మహాచైత్యము, దాని చుట్టును విహారములు వెలసినవి. అశ్వమేధమునకు సంబంధించినదని పండితులు భావించిన మెట్లకుండము కూడ అచ్చటనే బయల్పడినది. బౌద్ధులలోను ఒక శాఖవారు గాక, బహుశ్రుతీయులు, మహీశాసకులు, అపరమహావినశైలీయులు మొదలగు పలుశాఖలవారు ప్రక్కప్రక్కనే నివసించిరి. సింహళ భిక్షువులకు ప్రత్యేకముగా ఒక విహారముండెను. బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనమున, తాను కట్టించిన చైత్యము తామ్రపర్ణి, అనగా సింహళ, ఆచార్యుల కొఱకని చెప్పబడినది. ఆ ఆచార్యులు ధర్మమును బోధించిన దేశముల పేరులును అందున్నవి: కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి, ద్రమిళము, యవనదేశము మొదలగునవి. నల్లమలల నడుమ నొక మూలనున్న యూరిలో ఒక గృహిణి వేయించిన రాతిపై ఇన్ని దేశముల పేరులుండుట ఆశ్చర్యకరము గాదా!

సామాన్యుల జీవితమును ఈ శాసనములలో కనబడుచున్నది. దేవాలయమునకు ధర్మము చేసినవారు సొమ్మును వృత్తిశ్రేణులవారియొద్ద నిలువయుంచి, వడ్డీతో ఆ ధర్మము జరుగునట్లు ఏర్పాటు చేసిరి. అట్టి శ్రేణులలో తమలపాకుల వర్తకులవారిది, పిండివంటలు చేయువారిది కూడ ఉండెను. చనిపోయిన రాజులకును, యుద్ధమున మడిసిన దళపతులకును ఛాయాస్తంభములు నిలిపిరి. మన పల్లెల పొలిమేరలందలి వీరగల్లులను చూచినవారికి ఈ యాచారము క్రొత్తగా తోచదు.

మహాచైత్యపు పునాది బండిచక్రమువలె ఆకులతో కట్టబడినది. దాని గదులలో నొకదానియందు చిన్న బంగారు కరండమున ఒక అస్థిశకలము దొరికినది. దానిని తరువాత సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారమునకు ఇచ్చిరి. పలనాటి సున్నపురాతి పలకలపై చెక్కిన బుద్ధచరితము, మాంధాత జాతకము మొదలగు శిల్పములు అమరావతి శిల్పసంప్రదాయమునకు చివరి వెలుగులు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. ఇంతటి శాసనసంపదలో ఆచార్య నాగార్జునుని పేరు లేదు. నాగార్జునకొండ యను పేరును ఇక్ష్వాకుల శాసనములలో లేదు. వానిలో నున్నవి శ్రీపర్వతము, విజయపురి. శ్రీపర్వతమనునది శ్రీశైలమునకును ప్రసిద్ధనామము. ఆచార్యుడు శ్రీపర్వతమున నుండెనను గాథ ప్రబలిన పిదప, ఈ లోయలోని కొండకు ఆయన పేరు అంటుకొన్నది. శిరస్సును మొండెమువలె గాథయు చరిత్రయు దూరదూరముగా పుట్టి, కాలక్రమమున ఈ కొండకడ చేరువైనవి.

హంపీనుండి వచ్చిన సేన

ఇక్ష్వాకుల తరువాత విజయపురి క్రమముగా పాడుపడినది. విహారములు అడవిపాలైనవి. మధ్యయుగమున కొండ తలమీద కోట లేచినది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులపై దండెత్తి, కొండవీటిని పట్టుకొన్న సందర్భమున జయించిన దుర్గములలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండలతోపాటు నాగార్జునకొండయు శాసనములలో పేర్కొనబడినది. అప్పటికి ఆ పేరు స్థిరపడియుండెననుటకు ఇది నిదర్శనము. తుంగభద్ర యొడ్డున బయలుదేఱిన సేన కృష్ణ యొడ్డునగల ఆ కోటను చేరినది. ఆ కోటగోడల శిథిలములు నేటికిని దీవిపై కలవు. కొండ క్రింద వేయియేండ్లకు ముందు ఒక మహానగర ముండెనని ఆ సైనికులకు తెలిసియుండదు.

ఉపాధ్యాయుడు చూచిన స్తంభము

మఱచిపోయిన విజయపురిని లోకమునకు మఱల చూపినది ఒక బడిపంతులు. మాచెర్ల ప్రాంతపు ఉపాధ్యాయుడు సురపరాజు వెంకటరామయ్యగారు 1926లో ఆ లోయలో వ్రాతగల ఒక ప్రాచీనస్తంభమును చూచి, ప్రభుత్వమునకు తెలియజేసిరి. మద్రాసు శాసనశాఖలో తెలుగు సహాయకులుగా నుండిన సరస్వతిగారు వచ్చి పరిశీలించి దాని విలువను గ్రహించిరి. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించి స్తూపములను, విహారములను వెలికితీసెను. ఫోగెల్ పండితుడు శాసనములను చదివి ప్రకటించెను. 1938లో టి. ఎన్. రామచంద్రన్‌గారు మఱికొంత త్రవ్వించిరి.

వెంకటరామయ్యగారికి పూర్వము ఆ స్తంభమును ఎందఱో చూచియుందురు. పశులకాపరులు దానికి ఆనుకొని కూర్చుండియుందురు. చూచుట వేఱు, ఇది చూడదగినదని తెలిసికొనుట వేఱు. ఆ తెలివి బడినుండి వచ్చినది.

లోయ మునిగిన విధము

వెలికి వచ్చిన ముప్పదియేండ్లలోపలనే లోయకు జలగండము వచ్చినది. పలనాడు, నల్గొండ ప్రాంతములు వానలను నమ్ముకొనిన మెట్టసీమలు. కృష్ణ ప్రక్కనే పాఱుచున్నను చేలకు నీరు లేదు. నందికొండకడ ఆనకట్ట కట్టుటకు నిశ్చయమై, 1955 డిసెంబరు 10వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. సుమారు 124 మీటర్ల యెత్తున రాతికట్టడముగా ఆనకట్ట లేచినది. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ గుంటూరు, ప్రకాశము వైపునకును, ఎడమకాలువ నల్గొండ, ఖమ్మము, కృష్ణా వైపునకును నీరు గొనిపోయి లక్షల యెకరములను పండించుచున్నవి.

నీరు నిలిచినచో విజయపురి మునుగును. ఇది ముందే తెలిసినందున భారత పురావస్తుశాఖ 1954లో లోయనంతటిని పరీక్షింపబూనినది. ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యవమున 1960 వఱకు ఆఱేండ్లు పని జరిగినది. ఒకటి రెండు స్తూపములతో తృప్తిపడక, రాతియుగపు పనిముట్లు మొదలు మధ్యయుగపు కట్టడముల వఱకు నూఱుకు పైగా స్థలములను త్రవ్వి, కొలిచి, పటములు గీసిరి. వానిలో తొమ్మిది కట్టడములను రాతికి రాయి, ఇటుకకు ఇటుక విప్పి కొండతలమీదికి చేర్చి మఱల నిలిపిరి. మఱి పదునాలుగింటికి చిన్నప్రమాణమున నమూనాలు కట్టిరి. మహాచైత్యము, సింహళ విహారము, నదీతీరపు స్నానఘట్టము ఇట్లు కొండయెక్కినవి. నాలుగువైపుల మెట్లుగల రంగస్థలమును, హారీతీ దేవాలయమును మఱికొన్ని కట్టడములను తీరమందలి అనుపు అను చోట నిలిపిరి. శిల్పములకై 1966లో కొండపై ప్రదర్శనశాల వెలసినది.

ఇట్టి కార్యము ప్రపంచమున అప్పటికి అరుదు. ఐగుప్తుదేశమున నైలునదిపై అస్వాన్ ఆనకట్ట కట్టగా మునుగనున్న అబూసింబెల్ దేవాలయమును 1964 మొదలు 1968 వఱకు ఖండములుగా కోసి ఎత్తుమీదికి చేర్చిరి. ఐసిస్ దేవతకు నిలయమైన ఫిలే దీవి మునుగగా, ఆ యాలయమును 1972 మొదలు 1980 వఱకు సమీపమందలి మఱియొక దీవికి తరలించిరి. వానికి పలుదేశములు ధనసహాయము చేసెను. నాగార్జునకొండలో పని వానికంటె ముందే, క్రొత్తగా స్వాతంత్ర్యమునొందిన మనదేశపు పూనికతో ఆరంభమైనది.

ఐనను అన్నియు దక్కలేదు. ఎత్తి నిలిపిన కట్టడము కట్టడమే గాని, దాని తావు కాదు. మహాచైత్యము నిలిచిన నేల, రాజవీథులు, యజ్ఞశాల, ఇంటింటి పునాదులు నీటి అడుగుననే యున్నవి. నాగలోకమున దాగిన గ్రంథములను నాగార్జునుడు పైకి తెచ్చెనని గాథ చెప్పుచున్నది. చరిత్రలో పైకి వచ్చిన నగరము మఱల నీటి క్రిందికి పోయినది. పుల్లారెడ్డిగూడెము మొదలగు పల్లెలవారు తమ యిండ్లను, పొలములను, పెద్దల సమాధులను విడిచి వెడలిరి. వారి యిండ్లను ఎవ్వరును రాతికి రాయి విప్పి కొండపై నిలుపలేదు. కాలువ క్రింద పండిన అన్నము తినునపుడు, ఆ పంట కెవ్వరు ఏమి యిచ్చిరో తలచుకొనుట మన ధర్మము.

ఈ మాట మన సీమవారికి విడమరచి చెప్పనక్కఱలేదు. 1945లో శంకుస్థాపన జరిగి, 1953లో నీరు విడిచిన తుంగభద్ర ఆనకట్టవలన హోసపేట ఎగువనున్న పల్లెలు అట్లే మునిగినవి. ఆ పల్లెలవారి సంతతివారు నేటికిని మన నడుమ నున్నారు. ఎండలకు జలాశయము తగ్గినపుడు తమ పెద్దల యూరి గుడి కనబడునేమో యని చూచువారు కలరు.

ఆ లోయకును మన సీమకును గల సంబంధము

నాగార్జునకొండ మనకు దూరమందలి వింత మాత్రమే కాదు. గాథలోని శాతవాహనుల పేరు ఒకప్పుడు మన సీమకే పేరుగా నుండెను. ఇప్పుడు కర్నూలు జిల్లాలోనున్న మ్యాకదోని శాసనమున ఈ ప్రాంతము సాతవాహనిహారమని చెప్పబడినది. హూవిన హడగలి తాలూకా హిరేహడగలిలో దొరికిన పల్లవ శాసనమున అదియే సాతాహనిరట్టము. మన బళ్ళారి జిల్లాలోని నిట్టూరు, ఉడేగోళములలో 1970వ దశకము చివర అశోకుని శాసనములు బయల్పడినవి. నిట్టూరు బండమీద అశోకుడను పేరే యున్నది. విజయపురిలో చైత్యములు లేచుటకు అయిదు వందల యేండ్లకు ముందే బౌద్ధధర్మపు మాట తుంగభద్ర యొడ్డున వినబడినదన్నమాట.

ఇక కొడబలిశ్రీని తలచుకొందము. విజయపురి రాజపుత్రియైన ఆమె పడమటనున్న వనవాసికి, అనగా నేటి ఉత్తరకన్నడ జిల్లాలోని బనవాసికి, కోడలుగా పోయినది. పోయి, పుట్టిల్లు మఱవక, తన సోదరుడు ఎహువల శాంతమూలుని 11వ పాలనవర్షమున విజయపురిలో మహీశాసక ఆచార్యులకై విహారమును కట్టించి, స్తంభమును నిలిపినది. మెట్టినింటి గౌరవమును, పుట్టినింటి ప్రేమను ఒక్క రాతిపై వ్రాయించిన స్త్రీ ఆమె. విజయపురికిని బనవాసికిని నడిమి భూమి మనది.

ఆ స్తంభముపై భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. ఇక్ష్వాకుల కాలపు ఆ యక్షరములు నిలువుగీతలను పొడవుగా సాగదీసి, కొనలను వంచి, సొగసుగా చెక్కబడినవి. అప్పటికి తెలుగులిపి యని, కన్నడలిపి యని వేఱు లేదు. దక్షిణదేశపు ఆ బ్రాహ్మియే శతాబ్దముల వెంబడి గుండ్రనై, పెద్దకాలమునకు ఈ రెండు లిపులుగా విడివడినది. తెలుగు బడిలో ఓనమాలు దిద్దుకొని, వీథిలో కన్నడ ఫలకములను చదువుకొను మన బాలబాలికలు రెండు లిపులును ఇంచుమించు ఒకేరీతి నుండుట చూచి ఆశ్చర్యపడుదురు. ఆశ్చర్యమేల? అవి ఒకతల్లి బిడ్డలు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, బళ్ళారి మైసూరులో చేరినపుడు మ్యాపుమీద గీత పడినది, శిలాశాసనములమీద పడలేదు. తన భాషను తాను కాపాడుకొనుటకు ఇతర భాషను దూరము చేయనక్కఱలేదని, సింహళ భిక్షువునకును, ఉజ్జయిని రాణికిని, వనవాసి కోడలికిని చోటిచ్చిన ఆ లోయ మనకు నేర్పుచున్నది.

చూడబోవువారికి

విజయపురి సౌత్‌నుండి లాంచీలో దీవికి పోవచ్చును. పోవునపుడు నీటివంక చూచుచు కూర్చుండుడు. ఆ నీటి క్రిందనే నగరముండెను. కొండపై కనబడు మహాచైత్యము తరలించి నిలిపినదని, దాని అసలు తావు క్రింద నున్నదని జ్ఞప్తియందుంచుకొనుడు. ప్రదర్శనశాలలో శిల్పములకు ముందుగా శాసనములయొద్ద నిలువుడు. దాతల పేరులలో స్త్రీల పేరు లెన్ని యున్నవో లెక్కింపుడు. కోటగోడకడకు పోయి హంపీనుండి వచ్చిన సేనను తలచుకొనుడు. నాగార్జునుని గాథ చెప్పువారు చెప్పినచో శ్రద్ధగా వినుడు. కాని ఇది ఏ గ్రంథమున నున్నది, ఏ శతాబ్దమున వ్రాయబడినది యని మనస్సులో ప్రశ్నించుకొనుట మఱవకుడు. ప్రశ్నించుటవలన గాథకు అవమానము లేదు. తన మతమునే ప్రశ్నలతో పరీక్షించిన ఆచార్యునికి అంతకంటె తగిన పూజ లేదు.

దీవికి పోలేనివారు చింతింపవలదు. మన పల్లెల చెఱువుకట్టలయందు, గుడి గోడలయందు, పొలము గట్లయందు వ్రాతగల రాళ్లు నేటికిని పడియున్నవి. కొన్నిటికి సున్నము పూసిరి, కొన్నిటిపై బట్టలుతుకుచున్నారు, కొన్ని ఇండ్ల పునాదులలో చేరుచున్నవి. అట్టిది కంటబడినచో దానిని కదలింపకుడు, గీయకుడు, రంగు పూయకుడు. ఎచ్చట నున్నదో వ్రాసికొని, మీ ఉపాధ్యాయునకు చెప్పుడు. ఆయన పురావస్తుశాఖకు తెలుపును. అది తెలుగైనను కన్నడమైనను మనదే. వెంకటరామయ్యగారు చూచినదియు మొదట నొక రాయి మాత్రమే.